పెరట్లో తేనెటీగలు: ఎవరికి ఏ రిజిస్ట్రేషన్, ఏ ఈగ, ఎన్ని పెట్టెలు

ఇంటి పెరట్లోనో డాబా మీదో తేనెటీగలు పెంచాలనుకునేవారు మొదట అడిగే ప్రశ్న, ‘ఎవరి అనుమతి తీసుకోవాలి?’ అని. దీనికి అందరికీ సరిపడే ఒకే జవాబు లేదు. రెండు పెట్టెలు పెట్టుకుని ఇంటి అవసరానికి తేనె తీసుకునే ఉద్యోగికి కావలసిన కాగితాలు వేరు, సీసాల్లో నింపి అమ్మాలనుకునే గృహిణికి కావలసినవి వేరు, పొద్దుతిరుగుడు పూత వెంట పెట్టెలను ఊరూరా తిప్పే రైతుకు కావలసినవి వేరు. ఈ మూడింటినీ కలిపి చూడటం వల్ల కొందరు అనవసరంగా భయపడి మానుకుంటున్నారు. మరికొందరు ఏ కాగితమూ అక్కరలేదనుకుని అమ్మకం మొదలుపెట్టి చిక్కుల్లో పడుతున్నారు.

అందుకే ఏ దరఖాస్తు జోలికీ వెళ్లకముందు మూడు విషయాలు తేల్చుకోవాలి. మీ తేనె మీ గడప దాటి వేరొకరికి అమ్మకానికి వెళుతుందా? మీ పెట్టె మీ గేటు దాటి వేరే ఊరికి ప్రయాణిస్తుందా? మీ ఈగ గోడ దాటినప్పుడు అవతల ఎవరున్నారు? మొదటి ప్రశ్న ఆహార భద్రత చట్టానికి సంబంధించింది. రెండోది తేనెటీగల బోర్డు రిజిస్ట్రేషన్‌కు సంబంధించింది. మూడోదానికి ఏ పోర్టల్ లోనూ దరఖాస్తు ఉండదు, కానీ పెరటి పెంపకం నిలబడేదీ ఆగిపోయేదీ ఎక్కువగా దాని దగ్గరే.

చట్టం ఏం చెబుతోంది

కేంద్ర స్థాయిలో తేనెటీగల పెంపకానికే ప్రత్యేకమైన చట్టం లేదు. కుక్కకు మున్సిపాలిటీ లైసెన్సు తీసుకున్నట్టు ఒక్కో పెట్టెకు లైసెన్సు తీసుకోవలసిన పద్ధతి మన దగ్గర లేదు. అలాగని చట్టం ఈ వైపు చూడదని కాదు. వేరే చట్టాల్లోని నిబంధనలు తేనెటీగలకూ వర్తిస్తాయి.

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 291వ సెక్షన్ ఉంది. తన ఆధీనంలో ఉన్న జంతువు వల్ల మనుషుల ప్రాణానికి ముప్పు గానీ తీవ్ర గాయం గానీ కలిగే అవకాశం ఉన్నప్పుడు తగిన జాగ్రత్త తీసుకోకపోతే అది నేరం. ఆరు నెలల వరకు జైలు, ఐదు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అదే సంహిత నిర్వచనం ప్రకారం మనిషి కాని ప్రాణి ఏదైనా జంతువే. కాబట్టి పెట్టెలో మీరు పెంచే ఈగలు ఇందులోకి వస్తాయి. ఇక క్రిమినల్ కేసుల విధానాన్ని చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 152వ సెక్షన్ ప్రకారం, ప్రజలకు ఇబ్బంది కలిగించేదాన్ని తొలగించమని జిల్లా మేజిస్ట్రేట్, సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్, లేదా రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేకంగా అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ ఆదేశించవచ్చు. మన మండలాల్లో ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ తహసీల్దారే. ఇరుగుపొరుగు ఫిర్యాదు చేస్తే విషయం ఈ అధికారుల దగ్గరికి వెళ్లవచ్చు.

అడవి సంగతి వేరు. అడవి నుంచి వచ్చిన తేనె, మైనం అటవీ చట్టాల కింద అటవీ ఉత్పత్తులు. రిజర్వు అడవిలో చెట్టు తొర్రలో ఉన్న తేనెపట్టును తెచ్చి పెట్టెలో పెట్టుకోవడం పెరటి పెంపకం కిందికి రాదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం తేనెను చిన్న తరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చి, సేకరించే హక్కును అడవి మీద ఆధారపడి బతికే గిరిజనులకూ ఇతర సంప్రదాయ అటవీ నివాసులకూ ఇచ్చింది. అడవి తేనె మీద మక్కువ ఉంటే గిరిజన సహకార సంస్థ దుకాణంలో కొనండి. గిరిజనులు సేకరించిన తేనెను కొని అమ్మడం ఆ సంస్థ చేస్తున్న పనుల్లో ఒకటి.

నాలుగు దారులు

| దారి | ఎవరికి నప్పుతుంది | శ్రమ, ఖర్చు | దక్కేది | లోటు |
|---|---|---|---|---|
| రిజిస్ట్రేషన్ లేకుండా, ఇంటి వాడకానికే | ఒకటి రెండు పెట్టెల వారు | ఇరుగుపొరుగు, సంఘం ఒప్పుదల మాత్రమే | స్వేచ్ఛ, పరాగ సంపర్కం, ఇంటి తేనె | అమ్మకం లేదు, ప్రభుత్వ సాయం లేదు |
| జాతీయ తేనెటీగల బోర్డు, మధుక్రాంతి పోర్టల్ | పెట్టెలు పెంచుకుంటూ పోయేవారు, తరలించేవారు | ఆధార్, ఫోను, పెట్టెల వివరాలు. సంఖ్యను బట్టి రుసుము | పెంపకందారుగా గుర్తింపు, పథకాలకు దారి | రెండు పెట్టెల వారికి పెద్ద ఉపయోగం లేదు |
| ఆహార భద్రత రిజిస్ట్రేషన్ | సీసా అమ్మే ప్రతివారూ | ఆన్‌లైన్ దరఖాస్తు, స్వల్ప రుసుము | చట్టబద్ధమైన అమ్మకం, లేబుల్‌పై నంబరు | శుభ్రత, తేమ, లేబుల్ నియమాలు పాటించాలి |
| సంఘం లేదా రైతు ఉత్పత్తిదారుల సంస్థలో చేరడం | ఊళ్లో నలుగురైదుగురు పెంచుతున్నచోట | సభ్యత్వం, సమావేశాలు | తేనె తీసే ఉమ్మడి యంత్రం, ఉమ్మడి ప్యాకింగ్ | ధర, నాణ్యత మీద మీ ఒక్కరి మాట చెల్లదు |

వీటిలో మొదటిది చిన్నచూపు చూడవలసిన దారి కాదు. కొత్తవారికి నేను సూచించేది అదే. ఒక వేసవి, ఒక వానాకాలం, ఒక పూత కాలం ఈగలతో గడపకుండా రిజిస్ట్రేషన్ల వెంట పడటం వల్ల ప్రయోజనం లేదు. తేనెటీగలు మీకు నప్పుతాయో లేదో, మీ చుట్టుపక్కల మేత సరిపోతుందో లేదో అప్పటికి గానీ తెలియదు.

మధుక్రాంతి ఎప్పుడు అవసరం

జాతీయ తేనెటీగల బోర్డు 2000లో సొసైటీగా ఏర్పడింది, కేంద్ర వ్యవసాయ మంత్రిత్వ శాఖ పరిధిలో పనిచేస్తుంది. మధుక్రాంతి పోర్టల్‌ను 2021 ఏప్రిల్‌లో ప్రారంభించారు. తేనె ఎవరి పెట్టె నుంచి, ఏ ప్రాంతం నుంచి వచ్చిందో వెనక్కి వెళ్లి కనిపెట్టగలగడం దాని ముఖ్య ఉద్దేశం. కల్తీ తేనె నిజాయితీగా పెంచేవారి పొట్ట కొడుతున్న రోజుల్లో ఇది మంచి ఆలోచన అని నా నమ్మకం.

పెట్టెలు పదికి చేరువవుతున్నా, ‘జాతీయ తేనెటీగల పెంపకం, తేనె మిషన్’ అనే కేంద్ర పథకం కింద సాయం కోరుకుంటున్నా, పూత వెంట పెట్టెలను లారీలో తరలించాలనుకుంటున్నా ఆలస్యం చేయకండి. అర్ధరాత్రి తోవలో లారీ ఆపి ‘ఇవేమిటి, ఎవరివి’ అని అడిగినప్పుడు చూపడానికి ఒక గుర్తింపు ఉండటం చాలా మేలు. పెట్టెలను రాత్రిపూట, ఈగలన్నీ లోపలికి చేరాకే తరలిస్తారు కాబట్టి ఈ ప్రశ్న ఎదురయ్యేది కూడా రాత్రిపూటే. అదే రెండు పెట్టెలు మామిడిచెట్టు కింద కదలకుండా ఉంటే, ఈ రిజిస్ట్రేషన్ లేదని బెంగపడనక్కరలేదు.

ఖాదీ కమిషన్ 2017లో మొదలుపెట్టిన హనీ మిషన్ వేరే దారి. శిక్షణ ఇచ్చి, పెట్టెలు, ఈగల కుటుంబాలు, పనిముట్లు సబ్సిడీపై అందిస్తారు. ఊళ్లో ఉండి దీన్ని జీవనోపాధిగా తీసుకోవాలనుకునే యువతకు అది నప్పుతుంది. పట్టణంలో సరదాకు పెంచేవారు అక్కడ వరుసలో నిలబడి నిజంగా అవసరమైనవారి చోటు తీసుకోకపోవడం న్యాయం.

సీసా అమ్మితే

ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006లో వచ్చింది. రైతు చేతిలో సహజ రూపంలో ఉన్న పంటను ఆ చట్టం ఆహారం అన్న నిర్వచనం నుంచి తప్పించింది. ‘నేను రైతును, నా తేనె నా పంట, నాకు రిజిస్ట్రేషన్ ఎందుకు’ అని కొందరు అనేది దీన్ని చూసే. పట్టు కోసి ఊళ్లో ఒకరికి ఇచ్చినంతవరకు ఆ వాదన కొంత నిలుస్తుంది. తేనెను యంత్రంలో తిప్పి, వడకట్టి, సీసాలో నింపి, పేరు అంటించి అమ్మాక అది నిలవదు. మొదటి లేబుల్ అంటించే రోజుకల్లా రిజిస్ట్రేషన్ చేతిలో ఉండాలన్నది నా గట్టి సలహా.

ఖర్చుకు భయపడనక్కరలేదు. 2011 నాటి లైసెన్సింగ్ నిబంధనలు ఏడాదికి 12 లక్షల రూపాయల వరకు అమ్మకాలున్నవారిని చిన్న ఆహార వ్యాపారుల కింద చేర్చి, ఏడాదికి వంద రూపాయల రుసుముతో రిజిస్ట్రేషన్ ఇచ్చాయి. దరఖాస్తు ఆహార భద్రత సంస్థ వెబ్‌సైటైన ఫాస్కాస్ పోర్టల్‌లో చేయాలి. దరఖాస్తు రోజున అక్కడ కనిపించే పరిమితి, రుసుము చూసుకోండి. వచ్చే 14 అంకెల నంబరును లేబుల్ మీద ముద్రించాలి. దాంతో పాటు తయారీదారు పేరు, చిరునామా, నికర బరువు, గరిష్ఠ చిల్లర ధర, తయారీ లేదా ప్యాకింగ్ తేదీ ఉండాలి. ఇవి ఎక్కువగా తూనికలు కొలతల శాఖ నియమాలు. ఈ శాఖను మరిచిపోయి ఆహార నంబరు ఒక్కటే వేసి అమ్మేవారు చాలామంది.

కాగితం కంటే కష్టమైనది తేనె తేమ. ప్రమాణాల ప్రకారం తేనెలో తేమ 20 శాతం దాటకూడదు. పెట్టెలో ఈగలు పట్టు కట్టే చెక్క చట్రాల్లో, మైనంతో మూత వేసిన గదులు ముప్పావు వంతుకు మించి ఉన్నదాన్నే తీయాలి. వానాకాలంలో తొందరపడి మూత వేయని చట్రాలు తీస్తే తేనె పలచగా వచ్చి, కొన్నాళ్లకు పులిసి సీసా మూత ఉబ్బుతుంది. మన పుట్ట తేనెటీగ తేనెలో తేమ సహజంగానే కాస్త ఎక్కువ కాబట్టి, దాన్ని అమ్మాలనుకునేవారు మరింత ఓపిక పట్టాలి. అగ్‌మార్క్ ముద్ర తప్పనిసరి కాదు. చిన్నవారికి మొదట్లో అక్కరలేదు.

ఏ ఈగ, ఏ దారికి

కాగితాల ఎంపిక ఈగ ఎంపికతో ముడిపడి ఉంటుంది. మన దగ్గర పెట్టెలో పెంచదగినవి మూడు.

కుట్టని చిన్న తేనెటీగ: గోడ పగుళ్లలో, మట్టి కుండల్లో ఉంటుంది. కుట్టదు కాబట్టి ఫిర్యాదులు రావడం అరుదు. ఒక గూటి నుంచి ఏడాదికి వచ్చే తేనె కొన్ని వందల గ్రాములే, కానీ కూరగాయల తోటకు, మిద్దె తోటకు చేసే మేలు ఎక్కువ. అపార్ట్‌మెంట్ బాల్కనీలో పెట్టదలిస్తే నేను సూచించేది ఇదొక్కటే.

పుట్ట తేనెటీగ: ఇది మన నేల ఈగ. చెట్టు తొర్రల్లో, పాడుబడ్డ పుట్టల్లో సమాంతరంగా పట్లు కడుతుంది. శాంత స్వభావం, తక్కువ మేతతో సర్దుకుంటుంది, మన ఎండలకు అలవాటు పడింది. పెట్టెకు ఏడాదికి సుమారు 6 నుంచి 8 కిలోల తేనె వస్తుంది. దీని చిక్కు ఏమిటంటే మేత తగ్గినా, చీమలు పట్టినా, మైనపు పురుగు చేరినా పెట్టె వదిలి ఎగిరిపోతుంది. 1990ల మొదట్లో దక్షిణాదిని చుట్టుముట్టిన, ఈగల పిల్లపురుగులను చంపే థాయ్ శాక్ బ్రూడ్ వైరస్ ఈ ఈగనే దెబ్బతీసింది. పెరట్లో ఇంటి వాడకానికి, రిజిస్ట్రేషన్ లేని మొదటి దారికి ఇదే సరైన జోడీ.

ఐరోపా తేనెటీగ: 1960లలో హిమాచల్ ప్రదేశ్‌లోని నగ్రోటా బగ్వాన్‌లో మన దేశంలో నిలదొక్కుకుంది. మేత బాగా దొరికితే పెట్టెకు 25 నుంచి 40 కిలోల వరకు తేనె ఇస్తుంది. అమ్మకం మీద దృష్టి ఉన్నవారు దీన్నే ఎంచుకుంటారు. కానీ దాని ఆకలి పెద్దది. ఒకే పెరట్లో ఏడాదంతా ఉంచితే పూత లేని నెలల్లో పంచదార పాకం పోయాలి, ఈగలను పట్టి పీల్చే వరోవా నల్లిని కనిపెట్టి చూడాలి, లేదంటే పెట్టెలను పూత వెంట తరలించాలి. అంటే ఈ ఈగను ఎంచుకుంటే దాదాపుగా మధుక్రాంతి, ఆహార రిజిస్ట్రేషన్ రెండింటినీ ఎంచుకున్నట్టే. ఈ లెక్క చూసుకోకుండా ‘తేనె ఎక్కువ వస్తుందట’ అని రెండు పెట్టెలు కొని, ఎండాకాలంలో ఖాళీ పెట్టెలు మిగుల్చుకునేవారిని చూస్తే బాధ కలుగుతుంది.

నీళ్ల ట్యాంకుల కింద, ఎత్తైన భవనాల అంచుల్లో పెద్ద తుట్టె కట్టే కొండ తేనెటీగ పెట్టెలో పెంచేది కాదు. అది వలస వస్తుంది, కాలం మారగానే వెళ్లిపోతుంది. కిరోసిన్ పోసి కాల్చడం క్రూరం, ప్రమాదకరం కూడా. మనుషులు తిరిగే చోట ఉంటే రాత్రిపూట పని తెలిసినవారితో తీయించాలి. లేదంటే కింద ఎవరూ వెళ్లకుండా అడ్డు కట్టి, అది వెళ్లేదాకా ఓపిక పట్టాలి.

గోడ అవతలి మనిషి

ఇక అన్నింటికంటే ముఖ్యమైన సంగతి. పెరటి పెట్టెల మీద వచ్చే ఫిర్యాదుల్లో కుట్టడం ఒక్కటే ఉండదు. ఆరేసిన తెల్ల బట్టల మీద ఈగలు వేసే పసుపుపచ్చ రెట్ట చుక్కలు, తులసికోట దగ్గరి నీళ్లలో మూగే ఈగలు, ఏసీ నుంచి కారే నీటి చుట్టూ గుంపు, రాత్రి వంటింటి దీపం దగ్గర తిరిగే నాలుగు ఈగలు, ఇవే గొడవలకు మొదలు. ఇవన్నీ మనం ఆపగలిగినవే.

పెట్టె ద్వారం దారి వైపు గానీ పక్కింటి బట్టల తీగ వైపు గానీ ఉండకూడదు. ద్వారానికి నాలుగైదు అడుగుల దూరంలో మనిషి ఎత్తుకు మించిన తడిక గానీ దట్టమైన మొక్కల వరుస గానీ ఉంటే ఈగలు పైకి లేచి తలల మీదుగా ఎగిరిపోతాయి. ఈగలు తెచ్చిన రోజునుంచే పెట్టె దగ్గర వెడల్పాటి మట్టి మూకుడులో గులకరాళ్లు వేసి నీళ్లు పోయండి, ఒక్కరోజు కూడా ఎండనివ్వకండి. ఈగలు ఒకసారి పక్కింటి నీళ్లకు అలవాటుపడితే మళ్లించడం కష్టం. చోటు ముందే బాగా ఆలోచించి పెట్టండి. తర్వాత పెట్టెను నాలుగు గజాలు పక్కకు జరిపినా మేతకు వెళ్లిన ఈగలు పాత చోటికే వచ్చి గుమిగూడతాయి. కోళ్ల ఫారం ఎంత శుభ్రంగా ఉన్నా పక్కింటివారిని అడగకుండా పెట్టం కదా, ఇదీ అంతే.

పెట్టెలు తెచ్చేముందు ఇరుపక్కల ఇళ్లకూ ఒక చిన్న ఉత్తరం ఇవ్వండి. ఏ ఈగ, ఎన్ని పెట్టెలు, ద్వారం ఎటు, పెట్టె తెరిచే వారం, వేళ, మీ ఫోను నంబరు రాయండి. ఇంట్లో ఎవరికైనా ఈగ కుడితే ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరాడకపోవడం ఉన్నాయా అని అడగండి. ఉన్నాయని చెబితే అక్కడ కుట్టే ఈగను పెట్టకండి, దానికి ప్రత్యామ్నాయం లేదు. వారు చదివి సంతకం చేసిన ప్రతిని దాచుకోండి. రేపు 291వ సెక్షన్ ప్రస్తావన వస్తే మీరు జాగ్రత్త తీసుకున్నారనడానికి అది సాక్ష్యం.

అపార్ట్‌మెంట్‌లో పైకప్పు ఉమ్మడి ఆస్తి. సంఘం సర్వసభ్య సమావేశంలో తీర్మానం లేకుండా డాబా మీద పెట్టె పెట్టకూడదు, కార్యదర్శి నోటిమాట చాలదు. అద్దె ఇల్లయితే యజమాని రాతపూర్వక ఒప్పుదల కావాలి. గేటెడ్ కాలనీల్లో కొనుగోలు పత్రాలతో ఇచ్చిన నియమావళి చూడండి.

ఎన్ని పెట్టెలు అన్నదానికి చట్టంలో లెక్క లేదు కాబట్టి నా కొలత చెబుతాను. రెండు వందల గజాల ఇంటి స్థలంలో పుట్ట తేనెటీగవి రెండు, అంతకు మించి వద్దు. రెండు ఎందుకంటే ఒకదాంట్లో రాణి పోతే రెండోదాంట్లోంచి గుడ్లున్న చట్రం తెచ్చి నిలబెట్టుకోవచ్చు. ఊరి చివర తోటలో పది వరకు పెట్టవచ్చు, కానీ చుట్టుపక్కల రైతులు మందు కొట్టే రోజులు ముందే తెలుసుకోవాలి. సాయంత్రం పొద్దుపోయాక కొట్టమని అడిగితే చాలామంది కాదనరు. పొద్దుతిరుగుడు, నువ్వుల రైతుకు మీ ఈగల వల్ల గింజ బాగా పడుతుందని చెబితే ఇంకా సంతోషంగా ఒప్పుకుంటారు.

విదేశాల్లో ఉన్నవారికి

అక్కడ లెక్క పూర్తిగా వేరు, చాలాచోట్ల పెట్టెల నమోదు తప్పనిసరి. కాలిఫోర్నియాలో ఏటా కౌంటీ వ్యవసాయ కమిషనర్ దగ్గర పెట్టెలు నమోదు చేయాలి. ఫ్లోరిడాలో రాష్ట్ర వ్యవసాయ శాఖ నమోదు తప్పనిసరి, అక్కడ ఊరికో నియమం పెట్టే అధికారాన్ని రాష్ట్రం తన చేతిలోకి తీసుకుంది. న్యూయార్క్ నగరం 2010లో నిషేధం ఎత్తేసింది, ఆరోగ్య శాఖకు తెలియజేసి పెంచుకోవచ్చు. టెక్సస్‌లో 5 నుంచి 20 ఎకరాల భూమిని తేనెటీగల కోసం వాడితే వ్యవసాయ భూమి లెక్కన పన్ను మదింపుకు అర్హత రావచ్చు, శివార్లలో భూమి కొన్న మనవాళ్లు ఎక్కువగా అడిగేది దీని గురించే. ఎక్కడైనా సరే, ఇంటి యజమానుల సంఘం నియమావళి ముందు చదవండి. ప్రభుత్వం ఒప్పుకున్నా సంఘం కాదనవచ్చు.

ఆస్ట్రేలియాలోని విక్టోరియా, న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రాల్లో ఒక్క పెట్టె ఉన్నా నమోదు తప్పనిసరి. 2022 జూన్‌లో న్యూకాజిల్ రేవు దగ్గర వరోవా నల్లి బయటపడ్డాక ఎవరి పెరట్లో పెట్టెలున్నాయో తెలియడం ఎంత అవసరమో అక్కడ అందరికీ అర్థమైంది. న్యూజిలాండ్‌లో కూడా నమోదు తప్పనిసరి. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ తేనెటీగల జాబితా అయిన బీబేస్‌లో నమోదు ఐచ్ఛికం, అయినా చేసుకోండి. మీ దగ్గరలో ఈగల పిల్లపురుగులను కుళ్లబెట్టే ఫౌల్ బ్రూడ్ తెగులు కనిపిస్తే ఇన్‌స్పెక్టర్లు మిమ్మల్ని హెచ్చరించగలిగేది అందులో మీ పేరుంటేనే. ఆ తెగులు మీ పెట్టెలోనే ఉందన్న అనుమానం వస్తే మాత్రం తెలియజేయడం ఐచ్ఛికం కాదు, చట్టం.